నాలుకలు కోసే పిల్ల

నా నవలలో మొదటి వాక్యం
పదకొండు నెలలుగా ఇదే:
"సముద్రం ఆమెను పిలిచింది."

న్యూఫౌండ్‌లాండ్ అంచున, టిన్‌పాట్ కోవ్‌లో
పోస్టాఫీసు నాది.
అంటే తాళంచెవి నాది, తూకం నాది,
మంగళవారం ఫెర్రీ రాకపోతే తిట్లు నావి.
మిగతా వేళల్లో పార్సెల్ ఫారాల వెనక
పదహారేళ్ళ వాళ్ళ కోసం నవల రాస్తుంటాను.

పుట్టింది ఈ రేవులోనే. అయినా
నా కాయితం మీది సముద్రం ఎక్కడో చదివినది.
నీలంగా ఉండేది. నిట్టూర్చేది.
దాని ముందు, బండ మీద, గాలికి జుట్టు వదిలేసి
ఎలోవెన్ అనే అమ్మాయి,
నోట్లో నాలుక లేని పిల్ల,
నలభై పేజీలుగా నిలబడే ఉంది.
నాకే కాళ్ళు లాగాయి.

ఆగస్టులో ఓ సాయంత్రం
చేపలు కోసే బల్ల దగ్గర ట్రినా డ్రోవర్‌ని చూశాను.
చూడ్డం కొత్తేం కాదు. ఆ పిల్ల పుట్టినప్పుడు
వాళ్ళింటికి అభినందనల కార్డులు పంచింది నేనే.
తొమ్మిదేళ్ళ తర్వాత, నవంబరులో,
అదే ఇంటికి ఇంకో రకం కార్డులు పంచిందీ నేనే.

మగాళ్ళు కాడ్ చేపల తలలు తొట్టిలో పడేస్తుంటే
ఒక్కో తలనూ బల్ల అంచు మేకుకి గుచ్చి
దవడ కింద ఒక కోత, అడ్డంగా ఇంకోటి,
నాలుకని బకెట్‌లోకి విసిరేస్తోంది.
సంచీ పది డాలర్లు.
మోచేతుల దాకా పొలుసులు.
ఒక చెవిలోనే ఇయర్‌ఫోన్, రెండోది పనిచేయదట.

"దేనికే డబ్బులు దాస్తున్నావు?"
"డ్రైవింగ్ పరీక్షకి."
"ఈ ఊళ్ళో ఉన్నది ఒకటే రోడ్డు కదా?"
"అందుకే."

ఎందుకిచ్చానో తెలీదు,
మొదటి అధ్యాయం చేతిలో పెట్టాను.
మూడో రోజున కౌంటర్ మీదికి తిరిగొచ్చింది,
మార్జిన్ నిండా చేప వాసన, పెన్సిల్ రాతలు.
"ఈమెకి చలెయ్యదా?"
"ఇక్కడ పోటు ఎక్కుతోంది. ఈపాటికి ఆ బండ నీళ్ళలో ఉంటుంది.
మీ హీరోయిన్ మునిగిపోయింది."
ఇంకా కింద, చిన్నక్షరాల్లో:
"మేం సముద్రం వంక చూడం.
ఎవరి పడవ ఇంకా రాలేదో చూస్తాం."

కౌంటర్ మూసేశాను. నాలుగున్నరకే.
ఎవరో తలుపు కొట్టి, కాసేపు నిలబడి, వెళ్ళిపోయారు.

ఆ రాత్రి ఎలోవెన్‌ని బండ మీదే వదిలేశాను.
పోటు వచ్చి తీసుకుపోయింది.
పాపం, ఒక్క కేకైనా వెయ్యలేదు.

నీలం కొట్టేశాను. నిట్టూర్పులు కొట్టేశాను.
అలల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టి కొట్టేశాను, ఇరవై ఆరు.
ఇక మిగిలినవి:
ఎప్పటికీ ఆరని సాక్సులు.
తేమకి ఉబ్బి మూతపడని తలుపు,
ఆ తలుపున్న గదిలో రహస్యం దాచుకోవాల్సిన పిల్ల.
నెల తిరక్కుండా తుప్పు తినేసిన సైకిలు చైను.
పొగమంచు పట్టిన రోజున
లైట్‌హౌస్ బూర నిమిషానికోసారి మోగుతుంది,
ఆ మధ్యలో దొరికిన నిమిషంలోనే
ఆ కుర్రాడితో చెప్పాల్సింది చెప్పెయ్యాలి.
చెప్పలేదు. బూర మోగింది.
మళ్ళీ నిమిషం.

జూన్‌లో, కేప్లిన్ చేపలు వెండి కుప్పల్లా
ఒడ్డుకి దొర్లుకొచ్చే రాత్రి,
ఊరంతా బకెట్లతో మోకాలి లోతు నీళ్ళలో ఉండగా
నా పిల్ల మాత్రం బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది.
ఎందుకో నాకింకా తెలీదు.
పేరు కూడా పెట్టలేదు.
కానీ మాట్లాడుతోంది. మొదటి పేజీలోనే
వాళ్ళ మావయ్యని నోటికొచ్చినట్టు తిట్టింది.

ఇప్పుడు మొదటి వాక్యం ఇది:
"బల్ల అంచున మేకు వంగిపోయింది."

నిన్న కౌంటర్ మీద
ఒక సంచీ నాలుకలు, నా కాయితం.
పది డాలర్లు బాకీ అని రాసి ఉంది. దాని పక్కనే:
"ఉప్పుగాలికి మేకు వంగదు.
విరుగుతుంది."