అర టికెట్టు

పలమనేరులో, చర్చి వెనకింట్లో,
గోనెపట్టాల కింద ఉండింది.
జ్ఞానశీలన్ గారు పట్టా లాగితే
ముందు దుమ్ము లేచింది, తర్వాత ఎలుక,
ఆ తర్వాత అది.

నా నడుముదాకా వచ్చే పెద్ద డ్రమ్ము.
చుట్టూ తాళ్లు, తాళ్లకు తోలు చెవులు,
చెక్క కడియం మీద సగం చెరిగిన ఇంగ్లీషు అక్షరాలు.
"మిషన్ బడి బ్యాండుది. మా నాయన వాయించినాడు.
దూడ తోలు. ఫైబరు కాదు. చూసుకో."

చూసినాను.
ఇరవయ్యారేళ్లు పెళ్లిళ్లలో ఫైబరు బాదిన చెయ్యి నాది.
గోటితో తట్టినాను. పలకలేదు.
అరచెయ్యి ఆనించి, మెడ వంచి, చెవి పెట్టి
మళ్లీ తట్టినాను.
అడుగున, చాలా అడుగున,
ఎవరో బావిలో కడవ ముంచినట్టు
ఒక్క మాట.

తొమ్మిది వేలన్నాడు. ఆరన్నాను.
"ఈ తోలు పీకి ప్లాస్టిక్కు బిగించేటట్టయితే
యాభై వేలిచ్చినా ఇయ్యను" అన్నాడు.
బిగించనన్నాను. ఏడున్నరకు తెగింది.
అందులో నాలుగు వేలు
సులోచన ఫ్రిజ్జు కోసం దాచుకున్నవి.
ఆ సంగతి బస్సెక్కినాక గుర్తొచ్చింది.

కండక్టరు డ్రమ్ముకూ టికెట్టు అన్నాడు, నిండు టికెట్టు.
"దూడే కదన్నా, అర టికెట్టు కొట్టు."
బస్సంతా నవ్వింది. కండక్టరూ నవ్వినాడు,
నవ్వుతానే మిషన్లోంచి నిండుదే లాగినాడు.
మొగిలి ఘాటు దిగేదాకా, మలుపు మలుపుకూ,
రెండు చేతులా అదుముకోని కూచున్నాను.

సులోచన ఏమీ అనలేదు.
మూడోనాడు సంతపేటకు పోయి మట్టికుండ కొనుక్కొచ్చి
చల్లటి నీళ్లు నింపి
సరిగ్గా డ్రమ్ముకు ఎదురుగా పెట్టింది.

కట్టమంచి మునెప్ప తాతను పిలుచుకొచ్చినాను.
పలకలకు తోలు మూసి మూసి వంకరపోయిన వేళ్లు ఆయనవి.
చాలాసేపు ఏమీ చెప్పకుండా వాసన చూసినాడు.
"నూనె పూసినావంటే చంపినట్టే.
పొడిగుడ్డ. మరీ మాసిన చోట తడిపి పిండిన గుడ్డ.
ఈ చెవి లాగితే మళ్లీ ఎదురు చెవి లాగు, పక్కది కాదు.
మా పలకను మంటకు కాస్తాం.
ఇది దొరసాని బిడ్డ, సెగ ఓర్చుకోదు.
వాయించడం అయినాక తాళ్లు వదులు చెయ్.
బిగించి వదిలేస్తే
నువ్వు నిద్రపోతావు, అది పోదు."
డబ్బులిస్తే తీసుకోలేదు. కుండలో నీళ్లు తాగి పోయినాడు.

కార్తీకంలో వాయుగుండం.
నాలుగు దినాలు ముసురు, నీవాలో నీళ్లొచ్చినాయంట,
ఊరంతా చూడను పోయింది.
నేను పోలేదు.
తోలు తడిసిన అప్పడంలా జారిపోయి ఉంది.
కొడితే దగ్గు తప్ప శబ్దం లేదు.
అటు పక్క తోలు విప్పి, లోపల కాక, దూరంగా,
అరవై క్యాండిల్ బల్బు ఒకటి వేలాడదీసి
దీపాలార్పినాను.

అప్పుడు కనిపించింది.
నడుమ నిలువునా వెన్ను గీత.
దానికి రెండు పక్కలా వేపాకు ఈనెల్లా నరాలు.
కుడివైపు కొంచెం దిగువగా
ఎవరెవరి కర్రలో తగిలి తగిలి నల్లబడిన చోటు.
ఇంకా పైన, చిన్న గీరు.
అది కర్రది కాదు. ముళ్లకంచెది అయ్యుంటుంది,
దూరి అవతలి గడ్డికి పోబోయినప్పటిది.

సులోచన చెయ్యి కొంగుకు తుడుచుకోని వచ్చింది.
మెడ దగ్గిర వేలు పెట్టి
ఆ గీత వెంబడే మెల్లగా దిగి
తోక ఉండాల్సిన చోట ఆగింది.
"ఎన్ని నెల్లదో" అనింది.

నాకేం తెలుసు.
ఏ దేశం గడ్డి తినిందో, దాన్ని ఏమని పిలిచేవాళ్లో.

తన పాత వాయిలు చీర తెచ్చి కప్పింది.
నేను తాళ్లు సడలించినాను,
ఇటొకటి, ఎదురుగా ఒకటి.
ఇంకో చొక్కాకని వెతికితే
ఆనాటి చొక్కా జేబులో టికెట్టు.
అచ్చు వెలిసిపోతోంది, బల్బు దగ్గిర పెట్టి చదివినాను:
పలమనేరు నుంచి చిత్తూరు.
పెద్దలు, ఇద్దరు.