జి. ప్రిచర్డ్

గ్యాస్ బిల్లుకీ టీవీ లైసెన్సుకీ మధ్య
ఇరవై నాలుగు పౌండ్ల తొంభై తొమ్మిది పెన్నీలు
పిలవని పేరంటానికొచ్చినట్టు కూర్చునుంది.
పక్కన ఒక జిమ్ పేరు.

నాకు డెబ్బై ఒకటి.
ముప్పై ఏళ్ళు స్కూలు క్యాంటీన్లో
బంగాళదుంపల గంగాళాలు దించిన నడుము నాది.
స్వాన్సీలో మా కొండ వీధి ఎక్కి దిగడమే
నేనెరిగిన కసరత్తు.
ఆ జిమ్ ముందు బస్సాగుతుంది కాబట్టి
దాని అద్దాలు తెలుసు. అంతే.

కళ్ళజోడు మార్చుకుని కాగితాలు వెనక్కి తిప్పాను.
జూన్, మే, ఏప్రిల్...
డిసెంబరు దాకా.
ఏడు నెలలుగా ఖాతాకి చిల్లు,
నేనేమో రాత్రి ఏడు దాటాక
పసుపు చీటీ అంటించే రొట్టె కోసం
దుకాణంలో కాచుక్కూర్చుంటున్నాను.

జిమ్ కౌంటర్లో
మెడ లేకుండా అంతా భుజాలే అయిన కుర్రాడు,
చొక్కా మీద యెస్టిన్ అని రాసుంది.
"మీ సభ్యత్వ సంఖ్య?"
"నేను సభ్యురాల్ని కాదు బాబూ."
"సభ్యులు కానివాళ్ళ సభ్యత్వం
రద్దు చేయడం కుదరదండీ."
ఎగతాళికి అనలేదు పాపం.
తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు,
మళ్ళీ తెర వైపే చూశాడు.
"ముప్పై రోజుల ముందు నోటీసివ్వాలి" అన్నాడు, గొంతు తగ్గించి.
ఎన్నడూ లేని చోటు నుంచి
వెళ్ళిపోతున్నానని ఎలా రాయాలి?

మా వీధి బ్యాంకు శాఖలో ఇప్పుడు
గోళ్ళకి రంగులేస్తున్నారు.
ఫోను చేస్తే నలభై నిమిషాలు వయొలిన్,
ఆ తరవాత మా అమ్మ పుట్టింటిపేరు.
చెప్పాను. తప్పంది యంత్రం.
అమ్మ ఉంటే
ఆ తీగలోంచి దూరి వెళ్ళి దాని చెవి మెలేసేది.

కాళ్ళరిగేలా తిరగడం అంటారే,
అదీ అయింది, రెండు బస్సులు మారి, మూడు వారాలు.
ఆ జిమ్ వాళ్ళకి తెలిస్తే
దానికీ బిల్లు వేసేవాళ్ళు.

చివరికి బ్యాంకులో శాన్ అనే అమ్మాయి
పెన్ను మూత కొరుకుతూ అంది,
"మీరు ఒప్పుకోని డెబిట్ కదా,
మీ డబ్బు మీకివ్వడం మా పూచీ.
వాళ్ళతో మేం తేల్చుకుంటాం."
ఇంత చిన్న మాట మొదటిరోజే ఎవరూ ఎందుకనలేదో
అడగాలనుకుని అడగలేదు.
తెర నా వైపు తిప్పింది.
పేరు: జి. ప్రిచర్డ్.
నేనూ జి. ప్రిచర్డే. గ్లెనిస్‌ని.
"మూడు నొక్కబోయి ఎనిమిది నొక్కినట్టున్నారు.
వేల్స్‌లో ప్రిచర్డులకేం కొదవ!"

నూట డెబ్బై నాలుగు పౌండ్ల తొంభై మూడు పెన్నీలు
ఒక్క వరసలో తిరిగొచ్చాయి.
ఆ రాత్రి మాత్రం నిద్ర రాలేదు.
ఏడు నెలలు నా సొమ్ము
వాన తగలకుండా, అద్దం వెనక,
ఉన్నచోటే పరిగెత్తింది.
ఎవరి కాళ్ళతో? గ్విలిమ్? గ్వెన్లియన్?
ఎంత చిక్కారో.
సొమ్మొకరిది సోకొకరిది అని తిట్టుకుని
అటు తిరిగి పడుకుందామనుకున్నా.
నెలనెలా పోవలసింది పోకుండా ఉంటే
తెలియలేదా ఆ మనిషికి?
తెలిసీ నోరు మెదపలేదా?
పోతుంటేనే ఏడు నెలలు తెలియలేదు నాకు,
మిగులుతుంటే తెలిసేదా?

మంగళవారం బస్టాపులో నిలబడ్డాను.
జిమ్ గేటు దగ్గర ఒకావిడ,
ఆసుపత్రి ఊడ్చేవాళ్ళ నీలం అంగీ,
భుజాన తడిసిన సంచీ.
కార్డు పెట్టింది. ఎర్ర దీపం.
అంగీకి తుడిచి మళ్ళీ పెట్టింది. ఎర్ర దీపం.
తను కావచ్చు. కాకపోవచ్చు.
నా చెయ్యి ఎందుకో పర్సు మీదికి పోయింది.

బస్సొచ్చింది, ఎక్కాను.
కిటికీ తుడుచుకుని చూస్తే
యెస్టిన్ ఆవిడనేదో అడుగుతున్నాడు.
వినపడకపోయినా ఏమడుగుతున్నాడో నాకు తెలుసు:
మీ సభ్యత్వ సంఖ్య?