బెంచీల లెక్క

శనివారం రాత్రి, కరెంటు బిల్లు వెనకవైపు
రేపటి నడక గీస్తున్నాను.
బ్రిస్బేన్ శివారు, మడ అడవిలో చెక్కబాట.
మెట్లు లేవు, ఎత్తుపల్లాల్లేవు,
చక్రాల కుర్చీ పడుతుందట.
ఫోన్ చేసి అడిగాను,
రెండుసార్లు.

కిలోమీటరున్నర అంటున్నారు.
మాకది కొలత కాదు.
వకుళక్కకి కొత్త మోకాలు, ఇది పదకొండో వారం.
నిహిరకి మూడేళ్ళు,
ఎత్తుకోమనడానికి మూడు నిమిషాలు.
అందుకే మ్యాపులో బెంచీలు లెక్కపెట్టాను: ఐదు.
మొదటిదాని దగ్గర దోసకాయ ముక్కలు,
రెండోదాని దగ్గర అలక,
మూడోది రాకముందే ఒకరు "ఇంకెంత దూరం" అంటారు,
అది మా ఆయనే అయ్యుంటాడు.

పోటు ఎనిమిదింటికి.
అప్పుడైతే పలకల కింద నీళ్ళు గుసగుసలాడతాయి.
ఆటు రెండింటికి.
అప్పుడు బురద, బురద నిండా
ఒంటిచెయ్యి ఊపి పిలిచే పీతలు.
పిల్లకి పీతలు కావాలి, అక్కకి నీళ్ళ చప్పుడు.
తొమ్మిది అని రాశాను. కొట్టేశాను.
పదకొండు అని రాశాను,
కాస్త నీరూ కాస్త బురదా మిగిలుంటాయని.

దోమల మందు. టోపీలు.
చేతికర్ర అడుక్కి కొత్త రబ్బరు,
తడి చెక్కని నమ్మలేం.

వెనకనుంచి అక్క తొంగి చూసింది.
ఐదో బెంచీ చుట్టూ గీసిన సున్నా మీద వేలు పెట్టి
"మళ్ళీ ఇటు రావద్దూ?
ఇంకో ఐదు" అంది.

నిజమే,
తిరిగి రావడం రాయనేలేదు.
కాగితంలో చోటూ లేదు.
రెండో బెంచీ దగ్గరే
పీతలుంటే బావుణ్ణు.