నూటికి నూరు

చూళైలో, సైకిల్ షాపు మీద నా డీటీపీ గది.
నాలుగున్నరకి బాణం గుర్తు పక్కన
నీలం చక్రం తిరగడం మొదలైంది.
ఆరింటికీ తిరుగుతూనే ఉంది.

మొన్న శనివారం దాకా బాగానే ఉండేది.
బాగానే అంటే,
పొద్దున స్విచ్ వేసి
కిందికెళ్ళి కాఫీ తాగి వచ్చేసరికి
లేచి కూర్చునేది.
అప్‌గ్రేడ్ సిద్ధం, సిద్ధం అని నెల్లాళ్ళు పోరు పెట్టింది.
శనివారం కుడిచేతిలో దోసె ఉండగా
ఎడమచేత్తో సరే నొక్కాను.
ఎడమచేతి పని, అంతే మరి.

ఇప్పుడు ఒక్క శ్రీ కొడితే
శకారం వస్తుంది ముందు.
క్రావడి కోసం కాచుకోవాలి.
గుడిదీర్ఘం ఇంకా గుమ్మం బయటే
చెప్పులు విప్పుతుంటుంది.

పొద్దుటికల్లా కావాలి, పెద్దకర్మ కార్డు.
గూడూరు చెంచురామయ్య శెట్టిగారు,
మింట్ స్ట్రీట్‌లో తక్కెళ్ళు, తూకంరాళ్ళ వ్యాపారం.
మనవడు స్టూలు మీద కూర్చుని
ఇంకెంతసేపు అక్కా అని తమిళంలో అడిగి,
మొహమాటంగా తెలుగులో మళ్ళీ అడిగాడు.
రెండింట్లోనూ నా దగ్గర జవాబు లేదు.

రిచీ స్ట్రీట్ ఇళంగోకి ఫోన్ చేశాను.
ర్యామ్ ఎంత? అన్నాడు.
రెండు, అన్నాను.
డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసేటప్పటి నిశ్శబ్దం.
పారేయమని అనలేదు, మంచివాడు.
టాస్క్ మేనేజర్ తెరవండక్కా, అన్నాడు.

అది తెరుచుకోడానికే పదకొండు నిమిషాలు.
ఈలోగా పక్కమూత విప్పి
ఫ్యాన్ రెక్కలకి బ్రష్ వేశాను.
దుమ్ములోంచి ఒక మల్లెమొగ్గ రాలింది,
ఎండి, బెల్లం రంగులో.
ఏ సంవత్సరం జడలోదో.

డిస్క్: నూటికి నూరు.
మా వాడికి లెక్కల్లో ఏనాడూ రాని మార్కు.

ఓ, అదా, అన్నాడు ఇళంగో.
కొత్త సిస్టమ్ కదా,
వెతకడానికి వీలుగా పట్టిక రాసుకుంటోంది.
మీ పాత ఫైళ్ళన్నీ చదువుకుంటోంది.

చదువుకుంటోందట.
పద్దెనిమిదేళ్ళుగా నేను కొట్టినవన్నీ:
కొసపేట పెళ్ళిళ్ళు, కర్పూరం డబ్బా లేబుళ్ళు,
ఆరో తరగతి తెలుగు అర్ధసంవత్సర ప్రశ్నపత్రం,
పెళ్ళికొడుకు పేరులో ఒత్తు జారిపోయి
మూడువందల కార్డులు వాపసొచ్చిన ఆ వైశాఖం.

నా ఫాంట్లేమో యూనికోడ్‌కి ముందుతరంవి.
నాకు శుభమస్తు అని కనిపించేది
దానికి ఒక డాలరు, రెండు కొక్కేలు,
తలకిందుల ప్రశ్నగుర్తు.
ఒక్క ముక్క అర్థంకాకపోయినా
వదలకుండా చదువుతోంది.
నా కార్డుల్ని అంత శ్రద్ధగా
ఎవరు చదివారు గనక?

ఆపేయండక్కా, అన్నాడు.
కుడి క్లిక్కు, నిలుపు, అంతే.

ఆపాను. కార్డు ముఖ్యం.
నూరు ఎనభై అయింది,
పద్నాలుగు, రెండు.

శెట్టిగారి షష్టిపూర్తి ఫైలు తెరిచాను,
అదీ నేను కొట్టిందే.
పేర్లన్నీ అందులోంచే దించుకున్నాను.
ఆహ్వానించువారిలో ఇద్దరు తగ్గారు.
అలవాటుగా ముందు శ్రీ కొట్టాను.
శకారం, క్రావడి, గుడిదీర్ఘం
ఈసారి కలిసే వచ్చాయి.
చెరిపేసి
కీర్తిశేషులు అని కొట్టాను.

ప్రూఫ్ చూసుకో నాయనా, అంటే
తాత ఫోటో ఒక్కటే చూశాడు.
బాగుందక్కా, అన్నాడు.
అక్షరాల మీంచి వాడి చూపు
తడినేల మీద నడిచినట్టు జాగ్రత్తగా దాటిపోయింది.
నేనే రెండుసార్లు చదివి పంపాను.

తొమ్మిదింటికి కింద సైకిల్ షాపు షట్టరు పడింది.
తాళంచెవి చేతిలోకి తీసుకున్నదాన్ని
మళ్ళీ కూర్చున్నాను.
కుడి క్లిక్కు. మొదలుపెట్టు.
కరెంటు బిల్లు నాదే, ఇళంగోకి చెప్పనక్కర్లేదు.

బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు
డబ్బాలోంచి చప్పుడు.
లైటు తీశాను.
చిన్న ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతోంది,
ఇప్పుడు ఏ ఇంటిపేరు దగ్గరుందో.