బీప్ తర్వాత

ఆ పెట్టె సరిహద్దు దాటి వచ్చింది,
నోర్మా పిన్ని కారు డిక్కీలో, వెన్న పొట్లాల కింద దాక్కుని.
ఆస్ట్రియాలో సగం ధరేనట.
పుస్తకమంతా జర్మన్. ఇంట్లో ఆ భాష
కాస్తో కూస్తో వచ్చింది నాకొక్కదానికే,
అదీ బడిలో రెండో ఏడు.

నేను కూడబలుక్కుంటూ చదివాను, నాన్న బిగించాడు.
ఫోను తీగ పెట్టెకి, పెట్టె తీగ గోడకి,
అగ్గిపెట్టెంత క్యాసెట్టు దాని గూట్లోకి.
ఎర్రదీపం వెలిగింది.
"ఇప్పుడు మీ పలకరింపు చెప్పండి" అంది పుస్తకం,
అదేదో చిన్న పనైనట్టు.

మా నాన్న ఒట్టావియో పెర్తోత్. పియానోలు శ్రుతి చేస్తాడు.
త్రియెస్తే మొత్తంలో ఆయన చెవికి ఎదురు లేదు.
నోటికే నత్తి.
మిగతా అక్షరాలు ఎలాగోలా గట్టెక్కుతాయి,
'ప' దగ్గర మాత్రం పడవ ఇసుకలో దిగబడుతుంది.
ఆ 'ప'తోనే మా ఇంటిపేరు.
ఆ 'ప'తోనే పియానో.
ఎవరో వెతికి మరీ అంటగట్టినట్టు.

ఆయన ఫోనెత్తితే లైను తెగిందనుకుని పెట్టేస్తారు కొందరు.
కొందరు జాలిపడి ఆ మాటని తామే పూర్తి చేస్తారు,
తప్పుగా.
"పాస్తా దుకాణమేనా?" అని అడిగినావిడకి
ఒకసారి విసిగిపోయి, అవునన్నాడు.
శనివారానికి రెండు కిలోలు రాసుకున్నాడు కూడా.

బయట బోరా గాలి కిటికీ తలుపుల్ని కొడుతోంది.
మీట నొక్కాడు. ప... ప...
తుడిచేశాడు. మళ్ళీ నొక్కాడు.
నేను చెప్పనా నాన్నా అంటే తల అడ్డంగా ఊపాడు.
తొమ్మిదోసారికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.
పద్నాలుగోసారి నవ్వొచ్చింది,
ఆ నవ్వూ టేపులో పడింది, అదీ తుడిచాడు.

అప్పుడు సంచిలోంచి శ్రుతిదండం తీసి
మోకాలికి కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.
బీప్ వినిపించమన్నాడు.
"కాస్త కిందుంది, చూశావా" అన్నాడు,
ఎక్కడా ఆగకుండా.
యంత్రానికీ ఒక లోపం దొరికాక
ఆయన భుజాలు దిగాయి.

ఆఖరికి టేపులో మిగిలింది ఇది:
"ఇది ప..."
నాలుగు క్షణాలు గాలి. ఒక తలుపు చప్పుడు.
"...పెర్తోత్ ఇల్లు. చెప్పండి. తొందరేం లేదు."

ఆదివారం కార్సో కొండమీద ఒక రైతింట్లో
వైనూ ఉడికించిన గుడ్లూ కానిచ్చి ఇంటికొచ్చేసరికి
దీపం మూడుసార్లు మినుకుమంది.

మొదటిది ఒట్టి ఊపిరి.
రెండోది ముజ్జా బడి సంగీతం టీచరు జోరా గారు,
"అయ్యో, నేను సిద్ధంగా లేను" అని పెట్టేశారు.
మూడోది నోటరీ బెవిలాక్వా.
కోర్టులో ఆయన నోరు తెరిస్తే
జడ్జి గారికి దగ్గే అవకాశం ఉండదంటారు.
"ఆఁ... నేను... అంటే, మా... వినపడుతోందా?
మా... ఆ నల్లది... దాని పేరేంటి..."

అమ్మ వంటింట్లోంచి భోజనానికి పిలిచింది.
నేను నవ్వాపుకోలేక "పియానో!" అని అరవబోయాను.
నాన్న కుర్చీ దగ్గరికి లాక్కుని
వేలు పెదాల మీద పెట్టాడు.

ఉండు. ఆయన్నే చెప్పనీ.