సాకెట్టులో చిప్పు

వారాసిగూడలో నాది ఫ్యాన్ల వైండింగు షాపు.
ఇరవై రెండేళ్లుగా కాలిన వాసన చూసి
ఏ చుట్ట పోయిందో చెప్పేవాణ్ణి.
అలాంటి నన్ను కోఠీ గుజరాతీ గల్లీలో నిలబెట్టి
"మామా, బోర్డు నువ్వే తియ్యి" అంది నవనీత.

ఇంటరు పిల్ల. డ్రోను చేస్తదట.
దాని మోటార్లు చూశాను, బొటనవేలంత.
లోపల అదే రాగి, అదే చుట్టు.
కానీ నాలుగు మోటార్లకు బుద్ధి చెప్పే బోర్డు
నా వేళ్లకు తెలియని సంగతి.

హస్ముఖ్ భాయి మూడు తీసి పెట్టాడు
ఎర్ర మఖమల్ మీద ముక్కుపుడకలు చూపే తీరులో.

"ఈ నల్లది చాలా తెలివి. తలలు రెండు, వైఫై ఉంది.
మూడు పాయింట్ మూడు వోల్టులే తాగుతుంది.
ఐదు పోశారా, ఇక నోరెత్తదు.

ఈ సన్నది అగ్గువ, దౌడు తీస్తుంది.
ప్రోగ్రాం ఎక్కించడానికి మాత్రం ఇంకో పరికరం కొనాలి.
పైగా ఏది అసలో ఏది నకలో
నాకే తెలియదు, మీ దగ్గర అబద్ధమెందుకు.

ఇదిగో, నీలంది. ముసలిది. నిదానం.
నేర్చుకునేవాళ్లు దీని మీదే పడి లేస్తారు."

నవనీత చూపు నల్లదాని మీదే.

"ఒరిగానా లేదా అని
సెకనుకు ఎన్నిసార్లు చూసుకోవాలి అది?"
"రెండొందల యాభై సార్లు మామా."
నాకు తెలిసిన కరెంటు
సెకనుకు యాభై సార్లే ఊగుతుంది.
దానికి ఐదింతలు!
ముసలిది అంత ఉరుకుతుందా?
"ఉరుకుతుంది," అన్నాడు భాయి,
"ఉరుకుతూ పాట కూడా పాడమంటే పాడదు."

నీలంది చేతిలోకి తీసుకుని తిప్పాను.
నల్లటి జెర్రిలా ఒక చిప్పు
కాళ్లన్నీ సాకెట్టులో గుచ్చుకుని పడుకుంది.
"ఇది ఊడుతుందా?"
భాయి స్క్రూడ్రైవరు మొన పెట్టి లేపాడు.
ఊడింది.
"కాలితే?"
"కొత్త చిప్పు గుచ్చడమే. బోర్డు అదే."

అప్పుడు అర్థమైంది నా వేళ్లకు.
ఫ్యాను ఆగితే ఫ్యాను పారేస్తామా,
కెపాసిటరు మారుస్తాం.

"బరువు మామా," అని మొహం వేలాడేసింది.
బ్యాగులోంచి వంటింటి త్రాసు తీసింది, పిడుగు.
నీలంది ఇరవై ఐదు గ్రాములు. నల్లది పది.
తులమున్నర తేడా.
కాసేపు నేనూ ఊగాను.
"ఇది కాల్చుకుందాం ముందు," అన్నాను,
"కాల్చడం వచ్చినంక నల్లది కొందాం."
ఇంకో రెండు చిప్పులు విడిగా కట్టించాను.
"కాలుతదని ముందే రాసిపెట్టుకున్నవా?"
నా షాపుకి కాలనిది ఎవరు తెచ్చారు ఇంతవరకు?

శనివారం సాయంత్రం, నీళ్ల ట్యాంకు పక్కన,
నాలుగు కాళ్లకు నాలుగు తాళ్లు,
తాళ్ల చివర ఇటుకలు.
జానెడు లేచింది.
లేచి, ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు
వెల్లకిలా పడింది.
విరిగిన రెక్కొకటి ఎగిరి
పక్క మిద్దె మీద ఖాజాబీ ఎండబెట్టిన
మిరపకాయల్లో పడింది.
ఆమె తిట్లు ఉర్దూలో కొన్ని, తెలుగులో కొన్ని.

చిప్పు కాలలేదు. వాసన చూశాను.

రాత్రి పది దాటాక దొరికింది తప్పు.
ఒరుగు చెప్పే సెన్సరు
వెనక్కి తిరిగి కూర్చుంది.
కుడికి ఒరిగితే ఎడమకు ఒరిగానని
నిజాయితీగా చెప్పుకుంటూ పోయింది పాపం.
ముసలి బోర్డు నమ్మింది.

"మరి దీనికి ముందు ఎటు మామా?"

నాకు జవాబు రాలేదు.
బతుకంతా ఫ్యాన్లు విప్పినవాణ్ణి.
ఫ్యానుకు ముందూ వెనకా ఉండదు.

నవనీత లోపలికి పోయి
ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తెచ్చింది.
నాలుగు చేతుల్లో ఒకదాన్ని పట్టుకుని
కొసకు చుక్క పెట్టింది: ఇటు.

అది ఆరేదాకా
మెట్ల మీద కూర్చుని ఇద్దరం ఊదాం.
మెట్ల మీద ఫ్యాను లేదు మరి.