గుట్టున్న నేల

గాలి ఇటు తిరిగిన రోజుల్లో కిర్కాడీలో
సముద్రం వాసన కంటే ముందు
అవిసె నూనె వాసన వచ్చేదని మా నాన్న చెప్పేవాడు.
ఊరు ఊరంతా లినోలియం ఉడికించి బతికిన కాలం.
ఇప్పుడు అదే ఊళ్ళో నేను నేలలు పరుస్తాను,
మోకాళ్ళకు తోలు పట్టీలు కట్టుకుని
ఇంటింటా మోకరిల్లే భక్తుణ్ణి.
(మా వంటగది సంగతి అడక్కండి, ఆరేళ్ళుగా వట్టి సిమెంటే.)

ఇష్బెల్ గిల్‌క్రిస్ట్ గారి వంటగది
మూడు మీటర్లకు రెండున్నర.
ఏ రకం కావాలండీ అని రంగుల పుస్తకం తెరిచాను.
ఆమె మూసేసింది.
"నన్ను పిలవని నేల కావాలి."

అర్థం కాక, ఓక్ చెక్క తీశాను.
గోటితో మీటి చూసింది.
"ఇది ఏడాదికోసారి నూనె అడుగుతుంది.
నీళ్ళచుక్క పడితే మూతి ముడుస్తుంది.
అలగడానికి ఇంట్లో మా అక్క ఒకతె చాలు."

తెల్ల పలకలు తీశాను, ఇటలీవి.
కళ్ళజోడు పైకి నెట్టి, పలకని కాదు,
రెండు పలకల మధ్య సందుని చూసింది.
"పలకలు అద్దెకుంటాయి నాయనా,
సొంతదారులు ఈ సందులే.
వీటి దగ్గరికి పళ్ళు తోముకునే బ్రష్షుతో పోవాలి."

నల్లరాయి?
"పిండి జల్లించిన రోజు
ప్రతి అడుగూ సాక్ష్యం చెబుతుంది."

ఇవన్నీ ఎక్కడ నేర్చారని అడిగాను.
టీ వంపుతూ చెప్పింది, పక్కింటి వాళ్ళ గురించి చెప్పినట్టు:
ముప్పై ఒక్క ఏళ్ళు ఆసుపత్రిలో, రాత్రి డ్యూటీ,
నాలుగో అంతస్తు, ప్రసవాల వార్డు.
తెల్లారేలోపు కారిడారు అద్దంలా ఉండాలి.
తెల్లారాక అందరూ ఆ అద్దం మీదే నడిచేవాళ్ళు,
పూలతో, బెలూన్లతో, తడి గొడుగులతో.
ఒక్కరూ కిందకి చూసేవాళ్ళు కాదు.
"మురికుంటేనే కదా చూస్తారు," అంది.

ఆరు ముక్కలు అక్కడ వదిలి వచ్చాను.
వారం తర్వాత వెళితే
పొయ్యి ముందు ఆరూ వరసగా, ఠాణాలో నేరస్థుల్లా.
ఒకదాని మీద బీట్‌రూట్ రసం, ఒకదాని మీద గుడ్డుసొన,
కుర్చీ కాలు ఈడ్చిన గీతలు.
అక్క మోరాగ్ గారి కుక్క కూడా
తన వంతు పరీక్ష తాను పెట్టింది.
వారమంతా ఎవరూ తుడవలేదట.
అదెంత కష్టమైందో ఆమె చేతుల్ని చూస్తే తెలిసింది,
ఒళ్ళో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చున్నాయి.

ఐదో ముక్క గెలిచింది.
బూడిదరంగు లినోలియం, గోధుమరంగు చుక్కలు,
వాన వెలిశాక మా ఒడ్డున ఇసుక లాంటిది.
రొట్టెపొడి ఎక్కడుందో వెతికితే నాక్కూడా దొరకలేదు.
"ఇది గుట్టున్న నేల," అంది.
ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.
మా నాన్న చొక్కా.

రెండు రోజుల పని. ఒక మూల వంకర.
తలుపు అడుగున నాలుగు మిల్లీమీటర్లు చెక్కాల్సి వచ్చింది.
మూడో పొద్దున, జిగురు ఆరాక,
మేజోళ్ళతో ఇటు నుంచి అటు నడిచింది,
పూలు పట్టుకొచ్చిన చుట్టంలా, కిందకి చూడకుండా.

రొట్టె మీద జామ్ రాస్తుంటే చెంచా జారింది.
అలవాటు కొద్దీ నేను వంగాను.
"ఉండనీ."

కిటికీ వెలుతుర్లో ఎర్రటి బొట్టు ఒకటి.
టీ తాగింది, తొందరేమీ లేకుండా.
ఇంకో కప్పు పోసుకుంది.